ఇత్తడి సన్నాయి

బసవనగుడిలో మా చుట్టాలమ్మాయి పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. హిందూపురం నుంచి ముందురోజు రాత్రే బస్సు దిగిన మా పెద్దమ్మ, మోకాళ్ల నొప్పుల వల్ల మంటపం దాకా రాలేక, వెనక వరసలో గోడవారగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. అక్కణ్నుంచి ఆమెకు పెళ్లి కనబడదు. ముందంతా ఫోటోలవాళ్లు, వీడియోవాళ్లు, పట్టుచీరల గుంపులు. అయినా ఆమెకు చింత లేదు. పెళ్లి ఎంతవరకు వచ్చిందో మేళాన్ని బట్టి చెప్పేయగలదు. కళ్లు మూసుకుని వింటోంది.

మేళం మోహన రాగంలోకి దిగింది. బెంగళూరు తెల్లవారుజాము చలి, మల్లెపూలు, హోమం పొగ, వాటి నడుమ త్యాగరాజస్వామి కృతి ఒకటి. పెద్దమ్మ పెదాలు కదలడం చూశాను. చిన్నప్పుడు వాళ్ల ఊరి భజనమందిరంలో నేర్చుకున్న పాట. ఆమె నోట్లో సాహిత్యం పైకి వినబడకుండా మేళంతో పాటే నడిచింది. చరణం దగ్గర మేళగాడు ఒక సంగతిని తిప్పి, విరిచి, మళ్లీ అతికించి వదిలితే ఆమె తల ఊగింది. అంతలో పురోహితుడు గట్టిమేళం అని కేక వేశాడు. డోళ్లు విరుచుకుపడ్డాయి. అక్షింతలు వేయడానికి జనం ముందుకు కదిలారు, అడ్డు తొలగింది. పెద్దమ్మ కళ్లు తెరిచి మేళం వైపు చూసింది.

“ఒరేయ్, సన్నాయి యాడరా?”

“అదే పెద్దమ్మా, ఆయన చేతిలో ఉండేది.”

“అది బ్యాండుమేళం బూర కదరా!”

“శాక్సోఫోన్ అంటారు.”

ఆమె చాలాసేపు దానివంకే చూసింది. ఏనుగు తొండంలా కిందికి దిగి, పైకి తిరిగి, నోరు తెరుచుకున్న ఆ పసుప్పచ్చటి గొట్టం ట్యూబులైటు వెలుగులో మెరుస్తోంది. “ఇత్తడి సన్నాయి” అని తనకు తనే ఒక పేరు పెట్టుకుంది. ఆ తర్వాత అడిగింది: “దీనికి తెలుగు ఎవురు నేర్పించినార్రా?”

“కద్రి గోపాల్‌నాథ్ అని ఒకాయన, పెద్దమ్మా.”

“మన కదిరి ఆయప్పనా?”

“కాదు, మంగళూరు కద్రి.”

ఇంతలో ఎవరో భోజనాలకు పిలిచారు. అరటాకు ముందు కూర్చున్నా ఆమె ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక వాద్యానికి భాష నేర్పడం! పాడే మనిషికి నోరుంది, నాలుక ఉంది. ఇత్తడికేముంది? అయినా పెద్దమ్మ విన్నది తెలుగే. కళ్లు మూసుకుని విన్నది కాబట్టి, మొహమాటం లేకుండా విన్నది కాబట్టి, ఆ సాక్ష్యం మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆ రోజు ఆమెకు తీరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

*

ఈ కథ పారిస్‌లో మొదలవుతుంది. అడాల్ఫ్ శాక్స్ అనే వాద్యాల పనివాడు బెల్జియంలో 1814లో పుట్టాడు. చిన్నప్పుడు పడరాని చోటల్లా పడి, తాగరానివి తాగి, చావు తప్పించుకుంటూ పెరిగిన పిల్లవాడు. 1842లో పారిస్ చేరాడు. ఇత్తడి వాద్యాలకు బలం ఉంది కానీ మెత్తదనం తక్కువ, కర్రవాద్యాలకు మెత్తదనం ఉంది కానీ మైదానంలో వినబడవు. రెండు గుణాలూ ఒకే గొట్టంలో ఉండాలని ఆయన పట్టు. ఒళ్లు ఇత్తడి, నోటి దగ్గర రెల్లుతో చేసిన పలుచటి రీడ్. ఊదితే ముందు కదిలేది లోహం కాదు, ఒక గడ్డిమొక్క పొర. 1846లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తన ఇంటిపేరే పెట్టాడు.

ఆ సంవత్సరాన్ని కాస్త పట్టుకోండి. 1846. పారిస్‌లో ఆ కాగితాల మీద సంతకాలు అవుతున్న రోజుల్లో తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి ఇంకా ఉన్నారు. ఎనభయ్యో పడికి దగ్గరపడ్డ వయసు. తమిళదేశం నడిబొడ్డున కూర్చుని జీవితమంతా తెలుగులో రాముణ్ని పిలిచిన మనిషి. మరుసటి ఏడు, 1847 జనవరిలో ఆయన సిద్ధి పొందారు. అంటే ఈ లోకంలో శాక్సోఫోన్, త్యాగరాజు కలిసి ఊపిరి పీల్చిన కాలం కొద్ది ఏళ్లే. ఆ వాద్యం సంగతి ఆయన వినలేదు. ఆయన పేరు ఆ పనివాడు వినలేదు. ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఒకరు పాట పూర్తి చేసి వెళ్లిపోతున్నారు. ఎక్కడో దూరాన ఆ పాటను ఒకనాడు మోయబోయే గొట్టం అప్పుడే మూసలోంచి బయటికి వస్తోంది.

మధ్యలో నూరేళ్లకు పైగా దారి ఉంది. శాక్సోఫోన్ ముందు ఫ్రెంచి సైన్యం బ్యాండుల్లో కవాతు చేసింది. తర్వాత అమెరికా చేరింది. అక్కడ నల్లవాళ్ల చేతిలో పడ్డాక దాని జాతకమే మారిపోయింది. వాళ్లు ఆ వాద్యాన్ని నిటారుగా నిలబెట్టలేదు, వంచారు. స్వరాన్ని పెదవితో కిందికి లాగారు, గొంతు జీర కలిపారు, ఏడుపు కలిపారు. దాన్నే లోకం జాజ్ అంది. ఆ జాజ్ పారిస్‌కు తిరిగొచ్చింది. న్యూఆర్లియన్స్‌లో పుట్టిన జాజ్ విద్వాంసుడు సిడ్నీ బెషే ఫ్రాన్సులోనే స్థిరపడి అక్కడివాళ్లకు దేవుడైపోయాడు. బర్నీ విలాన్ అనే ఫ్రెంచి కుర్రవాడు 1957లో జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన నిలబడి ఒక సినిమాకు శాక్సోఫోన్ ఊదాడు, అప్పటికి అతనికి 20 ఏళ్లు. పుట్టింటికి బిడ్డ కొత్త మాట నేర్చుకుని వచ్చినట్టుంటుంది ఆ ఘట్టం.

మన దేశానికి మాత్రం అది యూనిఫారం తొడుక్కునే వచ్చింది. రెజిమెంట్ల బ్యాండులు, సంస్థానాల బ్యాండులు. బెంగళూరు కబ్బన్ పార్కులో ఎనిమిది మూలల బ్యాండ్‌స్టాండ్ ఇప్పటికీ ఉంది. దొరల కాలంలో సాయంత్రాలు అక్కడ మిలిటరీ బ్యాండు వాయించేవారు. గుల్‌మొహర్ పూలు రాలుతున్న వేళ ఆ చప్టా పక్కన నిలబడితే అనిపిస్తుంది, ఈ చెట్లు ఎన్ని కవాతుల పాటలు విన్నాయో అని. కంటోన్మెంటు ఆవల పేటలో అదే వేళ గుళ్లో సన్నాయి మోగుతూ ఉండేది. రెండు చప్పుళ్ల మధ్యా నడిచిపోగలిగినంత దూరమే. చాలాకాలం ఒకదాని ఇంటికి ఒకటి వెళ్లలేదు.

*

గోపాల్‌నాథ్ గారు పుట్టింది 1949 డిసెంబరు 6న, దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలోని సజిపమూడ అనే పల్లెలో. తుళునాడు. కొబ్బరి, పోక, జోరువాన, భూతకోలాల దేశం. తండ్రి తనియప్ప నాదస్వరం విద్వాంసుడు. కొడుకు తొలిపాఠాలు నాన్న దగ్గర, నాదస్వరం మీదే. మంగళవాద్యం ఇంటి వృత్తి అయినవాళ్ల పిల్లలకు సరిగమలు పుస్తకంలో రావు, ఇంటి గోడల్లోంచి వస్తాయి.

ఒకరోజు ఆ కుర్రవాడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విన్నాడు. ఆ గొంతు అతన్ని పట్టేసింది, అంతే. తండ్రి చేతి వాద్యం పక్కన పెట్టి, పరదేశం బూర ఎత్తుకోవాలనుకున్నాడు. ఆ నిర్ణయం ఎంత పెద్దదో మనకు ఇప్పుడు తెలియదు. ఆ వాద్యంతో కర్ణాటక సంగీతం నేర్పే గురువు లేడు, నడిచిన దారి లేదు, కచేరీకి పిలిచే సభ లేదు. ఉన్నదల్లా చెవిలో పడ్డ ఒక గొంతు.

మంగళూరు కళానికేతనంలో ఎన్. గోపాలకృష్ణ అయ్యర్ గారు చేరదీశారు. తర్వాత మద్రాసులో మృదంగ విద్వాంసుడు, గాయకుడు టి.వి. గోపాలకృష్ణన్ గారు దిద్దితీర్చారు. శాక్సోఫోన్ మీద పట్టు చిక్కడానికి దాదాపు 20 ఏళ్లు పట్టిందంటారు. అన్నేళ్లు ఏం చేశాడా మనిషి అన్నదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. కాస్త వివరంగా చెప్పుకోవాలి.

శాక్సోఫోన్ ఒళ్లంతా మీటలే. గొట్టానికి ఉన్న రంధ్రాలు వేలితో మూయలేనంత పెద్దవి. అందుకని ఒక్కో రంధ్రం మీద తోలు అద్దిన చిన్న మూకుడు ఉంటుంది. మీట నొక్కితే మూకుడు పడుతుంది, వదిలితే లేస్తుంది. తలుపు మూయడం, తీయడం, రెండే పనులు. సన్నాయి అలా కాదు. వాయించే రంధ్రాలన్నీ వేళ్ల కిందే ఉంటాయి. వేలిని పావు వంతు ఎత్తవచ్చు, సగం జరపవచ్చు, వేలికొసతో అంచును రాసి ఊరుకోవచ్చు. తలుపు సందులోంచి తొంగిచూడవచ్చు. ఆ సందుల్లోనే కదా మన సంగీతం ఉంది! రి నుంచి గ కు పోవడంలో కాదు, ఎలా పోయామన్నదానిలో. జారుడు, ఊపు, వణుకు, విసురు, వీటన్నిటినీ కలిపి గమకం అంటాం. గమకం లేకుండా రాగం పాడితే అది పెళ్లికూతురు లేని పల్లకీ.

శాక్సోఫోన్‌కు శంకరాభరణం పుట్టుకతో వచ్చినట్టే. పాశ్చాత్యులు మేజర్ స్కేలు అనేది ఆ స్వరాల వరసనే. చిక్కంతా తోడి లాంటి రాగం దగ్గర. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు. కింద రిషభాన్ని తాకి వస్తుంది, పైన మధ్యమం వైపు ఒరుగుతుంది, మళ్లీ వెనక్కి తూలుతుంది. ఆ తూగంతా కలిస్తేనే గాంధారం. ఊయల ఊగుతుంటే ఏ క్షణాన ఉన్న చోటును ఊయల అంటాం? టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరం మీద తోడి వాయించి ఊళ్లకు ఊళ్లను నిద్రపోనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన వేళ్లకు ఆ సందులు ఉన్నాయి. మీటల వాద్యంలో ఆ ఊయల ఎక్కడ కట్టాలి?

గోపాల్‌నాథ్ గారు పెదవుల్లో కట్టారు. దవడలో, గొంతులో, పొట్టలోంచి లేచే గాలిలో కట్టారు. మూకుడు మూతపడినా, తెరుచుకున్నా, రీడ్ మీద పెదవి బిగువు వెంట్రుకవాసి మారితే స్వరం కదులుతుంది. ఆ వెంట్రుకవాసిని లెక్కపెట్టుకుంటూ ఏళ్లు గడిపారు. మీటను పూర్తిగా కాక కొంచెమే అదిమి పట్టడం సాధన చేశారు. వాద్యంలోనూ తనకు కావలసిన మార్పులు చేసుకున్నారు. నాన్న నాదస్వరంలో వేళ్లు చేసే పనిని ఊపిరికి ఒప్పజెప్పారు. తండ్రి వాద్యాన్ని వదిలేశాడని పైన అన్నాను, అది తప్పు. దాన్ని మింగి లోపల దాచుకున్నాడు.

సరిగ్గా ఇదే కాలంలో మన పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చంకన పెట్టుకుని మద్రాసు సభల్లోకి నడిచొచ్చాడు. ఒకరిది తీగ, ఒకరిది గాలి. అంతకు నూటయాభై ఏళ్లకు పైగా ముందు వయొలిన్ వచ్చినప్పుడు బాలుస్వామి దీక్షితులు దాన్ని భుజం మీంచి దించి, కూర్చుని వాయించే వాద్యంగా మనవాటిలో కలిపేశారు. మన సంగీతం ఇంటికి వచ్చిన పరాయివాణ్ని ముందు కింద కూర్చోమంటుంది. గోపాల్‌నాథ్ గారూ అంతే. జాజ్ వాళ్లు నిలబడి ఊదే శాక్సోఫోన్‌ను ఆయన బాసింపట్టు వేసుకుని, పక్కకు వాల్చి పట్టుకుని ఊదారు. మిలమిలలాడే పట్టు లాల్చీ, ఒళ్లో బంగారు రంగు వాద్యం. వేదిక మీద ఆయన్ని చూస్తే కచేరీ మొదలవకముందే పండగ వచ్చినట్టుండేది.

*

1980. బొంబాయి జాజ్ ఉత్సవం. కాలిఫోర్నియా నుంచి వచ్చిన జాన్ హ్యాండీ అనే శాక్సోఫోన్ విద్వాంసుడు అక్కడ ఉన్నాడు. మామూలు మనిషి కాదు. జాజ్ దిగ్గజం చార్లెస్ మింగస్ బృందంలో వాయించినవాడు, అలీ అక్బర్ ఖాన్ సరోద్ పక్కన కూర్చుని రికార్డు చేసినవాడు. గోపాల్‌నాథ్ గారి వాద్యం విని, మీతో కలిసి వాయించవచ్చా అని తనే అడిగాడు. ఇద్దరూ వేదికెక్కారు.

ఆ సాయంత్రం నేను లేను. ఉండి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఇద్దరి చేతుల్లోనూ ఒకే వాద్యం. ఒకరి వెనక ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిపడేసిన మనుషుల మూలుగు ఉంది, ఒకరి వెనక గుడిగంటల ముందు తెల్లవారుజామున మోగే భూపాలం ఉంది. జాజ్ వాయించేవాడు పాట చట్రం పెట్టుకుని అప్పటికప్పుడు కొత్త దారులు తొక్కుతాడు. మన విద్వాంసుడు రాగం హద్దుల్లో నిలిచి మనోధర్మం చూపిస్తాడు. ఇద్దరూ ముందే రాసుకుని రానివాళ్లే. ఇద్దరూ ఎదుటివాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో విని అక్కడ తమది మొదలుపెట్టాల్సినవాళ్లే. ఆ తర్వాత ప్రాగ్, బెర్లిన్, మెక్సికో ఉత్సవాలు ఆయన్ని పిలిచాయి. పారిస్ కూడా పిలిచింది. శాక్స్ దొర కార్ఖానా నడిపిన ఊళ్లో, ఆ పేరే పెట్టుకున్న వాద్యం మీద కర్ణాటక సంగీతం! 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్ కచేరీ. కర్ణాటక సంగీత విద్వాంసుల్లో ప్రామ్స్ పిలుపు అందుకున్న తొలివాడు ఆయనే అంటారు.

అదే ఏడు బాలచందర్ గారి సినిమా ‘డ్యూయెట్’ వచ్చింది. ఏ.ఆర్. రెహమాన్ సంగీతం, కథానాయకుడు శాక్సోఫోన్ వాయించేవాడు, తెర వెనక ఊపిరి గోపాల్‌నాథ్ గారిది. సభ గడప తొక్కని లక్షలమంది ఆ ఊపిరిని క్యాసెట్లలో విన్నారు. కల్యాణవసంతం అని పేరు తెలియకుండానే ఈల వేశారు.

*

ఇక్కడ బెంగళూరులో దీనికి ఎదురు దిక్కున నడిచిన ఇంకో మనిషి గుర్తొస్తాడు. ఆయన్ని తలుచుకోకుండా ఈ కథ ముందుకు పోదు.

చార్లీ మరియానో. 1923లో బోస్టన్‌లో పుట్టాడు, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల బిడ్డ. ఆల్టో శాక్సోఫోన్. ఈయన కూడా మింగస్ దగ్గర వాయించినవాడే, 1963లో వచ్చిన మింగస్ గొప్ప రికార్డులో ఆ ఏడుపు గొంతు శాక్సోఫోన్ ఈయనదే. జాజ్‌లో ఎక్కాల్సిన మెట్లన్నీ ఎక్కాక, 1960ల చివర మలేసియాలో ఉండగా నాదస్వరం ఆయన చెవిన పడింది. నలభై దాటిన వయసు. పేరు వచ్చేసిన మనిషి. అయినా దక్షిణాదికి వచ్చి, నాదస్వరం పీకను నోట పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా మొదట్నుంచి నేర్చుకున్నాడు.

చూశారా, ఇద్దరూ ఒకే వంతెన మీద ఎదురెదురు వచ్చారు. నాదస్వరం ఇంట్లో పుట్టినవాడు శాక్సోఫోన్ కోసం బయల్దేరాడు, శాక్సోఫోన్‌తో పేరు తెచ్చుకున్నవాడు నాదస్వరం కోసం బయల్దేరాడు. ఇద్దరికీ కావలసింది రెండు వాద్యాల నడుమ ఎక్కడో ఉంది.

మరియానోకు బెంగళూరులో ఆ చోటు దొరికింది. టి.ఏ.ఎస్. మణి గారు 1964లో స్థాపించిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ అది. మృదంగం, ఘటం, కంజీర, నోటితో లయ పలికే కొన్నక్కోలు నేర్పే బడి. మణి గారి భార్య ఆర్.ఏ. రామమణి గొప్ప గాయని. తకధిమి తకజొణు అని ఆమె నోట దూకితే తాళం లెక్క మరిచిపోయి వినాల్సిందే. ఈ దంపతులతో మరియానోకు కుదిరిన స్నేహం ఏళ్ల తరబడి సాగింది. 1983లో జర్మనీకి చెందిన ఈసీఎం రికార్డు కంపెనీ వాళ్లు వెలువరించిన ‘జ్యోతి’ రికార్డులో ఆ స్నేహం వినబడుతుంది. రామమణి గొంతు ముందు వెళుతుంది, మరియానో వాద్యం ఆమె కొంగు పట్టుకుని నడుస్తుంది. ఎక్కడా తోసుకురాదు. లోకం మెచ్చిన విద్వాంసుడు ఒక బెంగళూరు గాయని వెనకాల అంత ఒద్దికగా నడవడం విన్నప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. 1998లో వెలువడ్డ ఇంకో రికార్డుకు ఆయన ఏకంగా మన ఊరి పేరే పెట్టుకున్నాడు, ‘బ్యాంగలోర్’ అని. 2009లో కొలోన్ నగరంలో 85 ఏళ్ల వయసులో వెళ్లిపోయాడు. మణి గారు 2020లో.

*

మళ్లీ గోపాల్‌నాథ్ గారి దగ్గరికి, చామరాజపేటకి.

బెంగళూరులో రామనవమి అంటే కోట హైస్కూలు మైదానంలో శ్రీరామ సేవా మండలి పందిరి. 1939 నుంచి జరుగుతున్న ఉత్సవం. ఒక రోజు, రెండు రోజులు కాదు, నెల దాటి సాగుతుంది. పానకం, కోసంబరి, విసనకర్రలు. బయట ఆటోల మోత, బస్సుల హారన్లు. మాఘం నుంచి ఎండి ఉన్న ఊరి మీద ఉన్నట్టుండి ఏప్రిల్ వాన పడితే పందిరి అంచుల్లోంచి మట్టివాసన లోపలికి వస్తుంది. ఆ పందిట్లో ఒక సాయంత్రం ఆయన్ని విన్నాను.

పక్కన వయొలిన్ అవసరాల కన్యాకుమారి గారు. మన విజయనగరం ఆడపడుచు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు నడిచిన ఊళ్లో పుట్టి, ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర విల్లు పట్టడం నేర్చి, మద్రాసు వెళ్లి ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్లపాటు వాయించిన విదుషీమణి. ఆవిడకు 2015లో పద్మశ్రీ, ఆ మరుసటి ఏడు సంగీత కళానిధి వచ్చాయి. గోపాల్‌నాథ్ గారి కచేరీల్లో ఆవిడ పక్కవాద్యం అనడానికి నాకు నోరు రాదు. జంటవాద్యం అనాలి. శాక్సోఫోన్ అంత పెద్ద గొంతు పక్కన వయొలిన్ నలిగిపోవాలి నిజానికి. ఆవిడ విల్లు నలగలేదు. ఆయన విసిరిన ప్రతి పలుకునూ నేల మీద పడనీయకుండా అందుకుని, దానికి ఇంకో పువ్వు గుచ్చి తిరిగి ఇచ్చేది. మృదంగం, వెనకాల బెంగళూరు రాజశేఖర్ గారి మోర్సింగ్ ఝుంకారం. గాలి, తీగ, తోలు, ఇనుము.

కదనకుతూహలంలో ‘రఘువంశ సుధ’ ఎత్తుకున్నారు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి కృతి. ఆ రాగానికి కవాతు నడక ఉంది, బ్యాండుమేళం హుషారు ఉంది. శాక్సోఫోన్ నోట అది పడగానే పందిరి లేచి కూర్చుంది. పిల్లలు కూడా తాళం వేశారు. కబ్బన్ పార్కు బ్యాండ్‌స్టాండ్ చామరాజపేటకు నడిచొచ్చినట్టనిపించింది నాకు.

అసలు సంగతి ఆ తర్వాత. హుషారు సద్దుమణిగాక త్యాగరాజకృతి ఒకటి, నెమ్మది కాలంలో. ఆలాపన మొదలైంది. ఆ పెద్ద ఇత్తడి గొంతు సన్నబడి, సన్నబడి, పక్కింట్లోంచి ఎవరో కూనిరాగం తీస్తున్నట్టయింది. పల్లవి ఎత్తుకునేసరికి నాకు మాటలు వినబడ్డాయి. చమత్కారం కోసం చెప్పడం లేదు. సాహిత్యంలో ఎక్కడ దీర్ఘం ఉందో అక్కడ ఊపిరి సాగింది, ఎక్కడ ద్విత్వం ఉందో అక్కడ నాలుక రీడ్‌ను తాకి ఆగింది, ఎక్కడ సున్నా ఉందో అక్కడ నాదం ముక్కులోకి పోయినట్టయింది. పదం విరగాల్సిన చోట విరిగింది, కలవాల్సిన చోట కలిసింది. సాహిత్యం తెలిసి వాయించేవాడికి, స్వరాలు మాత్రమే తెలిసి వాయించేవాడికి తేడా ఇదే. గోపాల్‌నాథ్ గారు తుళునాడు మనిషి. అయినా త్యాగయ్య తెలుగు ఆయన శ్వాసలో అక్షరాల పొడవులుగా, బరువులుగా కూర్చుంది.

నా పక్కన కూర్చున్న పెద్దాయన కన్నడిగుడు. విరామంలో మాట కలిపితే తెలిసింది, ఆయనకు తెలుగు రాదు. కానీ కృతి నడుస్తున్నంతసేపూ ఒక్క అక్షరం తప్పకుండా లోలోపల పాడుకుంటూనే ఉన్నాడు. ఇది ఈ ఊరికి కొత్త కాదు. త్యాగరాజస్వామి సమాధి శిథిలమైపోతుంటే తన నగలు, ఆస్తి ధారపోసి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ గారు కదా. మన మాటను మనకన్నా జాగ్రత్తగా దాచిపెట్టిన ఊరిది. అలాంటి ఊళ్లో ఆ పాటను నోరులేని వాద్యం పలికితే ఆశ్చర్యపోవడానికి పందిట్లో ఎవరూ మిగల్లేదు, అందరూ పాడుకుంటున్నారు.

*

ఆయన వెనక ఒక తరం బయల్దేరింది. అందులో ఒకడు అమెరికాలో ఉన్నాడు. రుద్రేశ్ మహంతప్ప, కర్ణాటక నుంచి వలస వెళ్లిన దంపతుల కొడుకు, జాజ్ ఆల్టో శాక్సోఫోన్‌లో ఈనాటి పెద్ద పేర్లలో ఒకడు. కుర్రతనంలో వాళ్లన్న ఆటపట్టించడానికి గోపాల్‌నాథ్ గారి రికార్డు ఒకటి తెచ్చి ఇచ్చాడట. అది విని ఆ పిల్లవాడు నవ్వలేదు, దిమ్మెరపోయాడు. ఏళ్ల తర్వాత మన దేశం వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు. 2008లో ఇద్దరి శాక్సోఫోన్లూ కలిసి ‘కిన్స్‌మెన్’ అనే రికార్డు వచ్చింది. రక్తబంధువులు అని అర్థం. గిటారు, బాస్, డ్రమ్స్ నడుమ అందులోనూ కన్యాకుమారి గారి వయొలిన్ ఉంది. విజయనగరం విల్లు అమెరికా జాజ్ బృందంలో ఏమాత్రం బెదరకుండా తన మాట తాను చెబుతుంది. దొరికితే వినండి.

2004లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బెంగళూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2019 అక్టోబరు 11న మంగళూరులో ఆయన ఊపిరి ఆగింది. 69 ఏళ్లు. ఊపిరి అనే మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, ఎందుకంటే ఆ మనిషి ఆస్తి అదే.

అయితే పద్మశ్రీకన్నా, డాక్టరేటుకన్నా పెద్ద బిరుదు ఆయనకు పెళ్లిళ్లు ఇచ్చాయనుకుంటాను. కర్ణాటకలో ఈరోజు మంగళవాద్యం అంటే చాలాచోట్ల శాక్సోఫోన్, డోలు. గుళ్లో ఉత్సవమూర్తి ముందు శాక్సోఫోన్. గృహప్రవేశానికి శాక్సోఫోన్. తాళి కట్టే క్షణానికి శాక్సోఫోన్. ఏ సభా ఎవరికీ ఇవ్వలేని స్థానం అది. సైన్యంతో కవాతు చేసిన వాద్యం పసుపుకుంకాల పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఆ రోజు బసవనగుడి పెళ్లిలో భోజనాలయ్యాక పెద్దమ్మను కారెక్కించడానికి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాను. మేళంవాళ్లు సర్దుకుంటున్నారు. డోలుకు గుడ్డ చుట్టేశారు. శాక్సోఫోన్ ఆయన, నడివయసు మనిషి, రీడ్ విప్పి తుడిచి చిన్న డబ్బాలో పెట్టేశాడు. ఇంకో ముహూర్తానికి రాజాజీనగర్ వెళ్లాలట. పెద్దమ్మ ఆయన ముందు ఆగింది.

“నాయనా, నువ్వు యాడ నేర్చుకున్నావు?”

ఆయనకు తెలుగు కాస్త కాస్త వచ్చు. “మా నాయన నాదస్వర అమ్మా. ఇది మాత్రం కద్రి సార్ క్యాసెట్ వినీ వినీ.”

పెద్దమ్మ ఆ వాద్యం మీద చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగా ఉందనుకుంటాను, చెయ్యి వెంటనే తీయలేదు.

“తోడి వస్తుందా దీనిలో?”

ఆయన నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు, డోలు ఆయన వంక చూశాడు. ఆయన గుడ్డ ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఈయన డబ్బా మూత తీసి, రీడ్‌ను నాలుక మీద పెట్టుకుని తడుపుకున్నాడు.